గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్: నడిబోర్డు వదిలి నడిబోర్డునే కొట్టే ఆట

చదరంగంలో తెల్లపావుల ఆటగాడు మంత్రి ముందున్న బంటును రెండు గడులు జరిపి ఆట మొదలుపెట్టినప్పుడు, నల్లపావుల ఆటగాడు ఎంచుకోగల పదునైన జవాబుల్లో గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ ఒకటి. దీని వరుస ఇది: 1.డి4 గు-ఎఫ్6 2.సి4 జి6 3.గు-సి3 డి5. ఇక్కడ ‘గు’ అంటే గుర్రం. అక్షరం నిలువు వరుసకూ, అంకె అడ్డ వరుసకూ గుర్తు. మూడో ఎత్తులో నల్ల బంటు డి5కి రావడమే ఈ ప్రారంభానికి ఆయువుపట్టు. అదే చోట శకటాన్ని జి7లో పెట్టి, బంటును డి6 వరకే జరిపితే అది కింగ్స్ ఇండియన్ అవుతుంది. ప్రారంభాల అంతర్జాతీయ వర్గీకరణలో గ్రున్‌ఫెల్డ్‌కు డి80 నుంచి డి99 వరకు సంకేతాలున్నాయి. తెల్ల శకటం జి2లో చేరే నియో గ్రున్‌ఫెల్డ్ రకాలు డి70 నుంచి డి79 వరకు వస్తాయి.

దీన్ని ఎంచుకున్నవాళ్లలో బాబీ ఫిషర్, గ్యారీ కాస్పరోవ్ ఉన్నారు. దీని చేతిలో దెబ్బతిన్న ప్రపంచ చాంపియన్లూ ఉన్నారు. నెమ్మదిగా బలగాన్ని సర్దుకుని సమానత్వం సాధించడం ఈ ఆట తీరు కాదు. పదో ఎత్తు దాటకముందే లెక్కలు మొదలవుతాయి. ఒక్క ఎత్తు వరుస తప్పినా ఆట చేజారుతుంది.

పుట్టుక: కలకత్తా నుంచి వియన్నాకు

ఈ ప్రారంభం పేరు ఆస్ట్రియా దేశస్థుడిది, తొలి ఆట మాత్రం మన దేశానిది. 1855 మే నెలలో కలకత్తాలో స్కాట్లండ్‌కు చెందిన న్యాయవాది జాన్ కాక్రన్‌తో మహేశ్‌చంద్ర బెనర్జీ ఆడిన ఆటలో సరిగ్గా ఇవే మూడు ఎత్తులు కనిపిస్తాయి. అప్పట్లో కాక్రన్ భారతదేశంలో ఉన్న యూరోపియన్ ఆటగాళ్లలో మేటి. మహేశ్‌చంద్ర దేశీయ నియమాలతో ఆడుతూ పెరిగి, తర్వాత యూరప్ పద్ధతికి మారిన బెంగాలీ.

నాటి దేశీ చదరంగంలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదిలేది. రాజు కోటలో చేరే పద్ధతికి బదులు ఒకసారి గుర్రంలా దూకే వెసులుబాటు ఉండేది. అలాంటి ఆటకు అలవాటుపడిన చేతికి జి6, డి6 వంటి పొట్టి అడుగులు సహజంగానే వస్తాయి. శకటాన్ని మూల మీదుగా పొడవాటి ఐమూల గీతపై నిలపడం దాని ఫలితం. ‘ఇండియన్ డిఫెన్స్’ల కుటుంబానికి ఆ పేరు రావడానికి కాక్రన్, మహేశ్‌చంద్రల ఆటలే మూలమని చరిత్రకారులు చెబుతారు. ఆ తొలి గ్రున్‌ఫెల్డ్ నల్లపావులకు కలిసిరాలేదు. పద్దెనిమిదో ఎత్తుకల్లా కాక్రన్ గుర్రం ఎఫ్7లో పాతుకుపోయింది. అక్కడినుంచి మంత్రిని బలిచ్చి, సొంత పావుల మధ్య ఇరుక్కున్న నల్ల రాజుకు గుర్రంతో ఆట కట్టించే స్థితి వచ్చేసింది.

దేశీ ఆటకూ యూరప్ ఆటకూ మధ్య వంతెన కట్టినవారిలో తెలుగువారు పుణ్యక్షేత్రంగా కొలిచే తిరుపతి ప్రాంతం నుంచి వెళ్లిన పండితుడూ ఉన్నాడు. తిరువేంగడాచార్య శాస్త్రి తన సంస్కృత గ్రంథంలోని చదరంగ సమస్యలను యూరప్ నియమాలకు సరిపడేలా మార్చి, 1814లో బొంబాయిలో ఇంగ్లీషు పుస్తకంగా అచ్చు వేయించాడు. మహేశ్‌చంద్ర ఆటకు అది నాలుగు దశాబ్దాల ముందుమాట.

1855 ఆట తర్వాత అరవై ఏళ్లకు పైగా గ్రున్‌ఫెల్డ్ ఎత్తులను పెద్ద పోటీల్లో ఎవరూ పట్టించుకోలేదు. 1922లో వియన్నా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ (1893–1962) వీటిని బయటకు తీశాడు. చిన్నతనంలోనే ఒక కాలు పోగొట్టుకున్న గ్రున్‌ఫెల్డ్, ప్రారంభాల పరిజ్ఞానంలో నాటి యూరప్‌లో పేరుమోసినవాడు. ఆ ఏడాది పిస్త్యాన్ పోటీలో ఫ్రిడ్రిష్ జెమిష్‌పై దీన్ని ప్రయోగించాడు. అదే ఏడాది వియన్నాలో అలెగ్జాండర్ అలేఖిన్‌నే ఓడించాడు. ఓటమి ఒప్పుకునేటప్పుడు అలేఖిన్ తన రాజును గదికి అడ్డంగా విసిరికొట్టాడని చదరంగ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలేఖిన్ అయిదేళ్ల తర్వాత ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

లోపలి ఆలోచన

పాత సిద్ధాంతం ఒకటే చెప్పేది: నడిబోర్డును బంట్లతో ఆక్రమించినవాడిదే పైచేయి. 1920లలో వచ్చిన హైపర్‌మోడర్న్ తరం దీన్ని ప్రశ్నించింది. ఎదుటివాడు నడిబోర్డులో బంట్లు నిలబెట్టుకోనీ, వాటిని దూరం నుంచి పావులతో కొట్టి కూల్చవచ్చని వాదించింది. ఆ వాదానికి గ్రున్‌ఫెల్డ్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

తెల్ల ఆటగాడు నాలుగో ఎత్తులో సి4 బంటుతో డి5 బంటును కొడతాడు. నల్ల గుర్రం దాన్ని తిరిగి కొట్టి డి5లో నిలుస్తుంది. వెంటనే ఇ4 బంటు వచ్చి ఆ గుర్రాన్ని కదిలిస్తుంది. గుర్రం సి3లోని తెల్ల గుర్రాన్ని కొట్టి తానూ పోతుంది. ఆ కొట్టిన గుర్రాన్ని బి బంటు తీసుకోవడంతో తెల్లకు సి3, డి4, ఇ4 గడుల్లో మూడు బంట్ల వరుస ఏర్పడుతుంది. చూడటానికి తెల్లవాడిదే రాజ్యం. నల్లకు నడిబోర్డులో ఒక్క బంటూ ఉండదు.

నూజివీడు మామిడి తోటల్లో పూత మీదే తోటను గుత్తకు మాట్లాడుకునే వ్యాపారి, చెట్టు నిండా పూసిందని సంబరపడిపోడు. ఎంత పూత కాయగా నిలుస్తుందో లెక్క కడతాడు. నల్లపావుల ఆటగాడి చూపూ అలాంటిదే. ఆ మూడు బంట్లు ఎంతసేపు నిలుస్తాయి, వాటిని కాపాడటానికి తెల్ల ఎన్ని పావుల్ని కట్టిపడేయాలి అన్నదే అతని లెక్క.

అందుకే నల్ల బలగమంతా డి4 బంటు చుట్టూ మోహరిస్తుంది. జి7 శకటం ఐమూలగా దాన్ని చూస్తుంటుంది. సి7 బంటు సి5కి వచ్చి ఢీకొంటుంది. రెండో గుర్రం సి6కి వస్తుంది. సి8 శకటం జి4కి వెళ్లి, డి4ను కాపాడే ఎఫ్3 గుర్రాన్ని కదలనివ్వకుండా పట్టేస్తుంది. మంత్రి ఎ5కి, ఏనుగు డి8కి చేరతాయి. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా తెల్ల డి బంటు డి5కి, ఆపైన డి6కి దూసుకెళ్లి నల్ల శిబిరాన్ని రెండుగా చీల్చేస్తుంది. ఈ ఆటలో పదును వచ్చేది ఈ పరుగుపందెం వల్లే.

ప్రధాన శాఖలు

ఎక్స్ఛేంజ్ వేరియేషన్. పైన చెప్పిన గుర్రాల మార్పిడితో మొదలయ్యే దారి. ఇందులో పాత పద్ధతి: శకటాన్ని సి4లో, రాజు పక్క గుర్రాన్ని ఇ2లో పెట్టడం. గుర్రం ఎఫ్3కి వెళ్తే జి4 శకటం పట్టేస్తుంది కనుక దశాబ్దాల పాటు ఇ2నే సరైన గడిగా భావించారు. 1980లలో ఆ అభిప్రాయం మారింది. గుర్రాన్ని ఎఫ్3లోనే పెట్టి, ఎనిమిదో ఎత్తుగా ఎ1 ఏనుగును బి1కి జరిపే పద్ధతి పైకి వచ్చింది. ఈ ఒక్క ఎత్తుతో రెండు పనులు జరుగుతాయి. జి7 శకటం చూసే ఐమూల గీత నుంచి ఏనుగు తప్పుకుంటుంది. బి7 బంటుపై ఒత్తిడి పెట్టి, నల్ల సి8 శకటాన్ని ఇంట్లోనే కట్టేస్తుంది. బదులుగా నల్ల మంత్రి ఎ5లో చెక్ ఇచ్చి ఎ2 బంటును తినేయవచ్చు. ఒక బంటు పోతుంది, నడిబోర్డు మొత్తం తెల్లది అవుతుంది. ఆ బేరం ఎవరికి లాభమో తేల్చడానికి రెండు తరాల గ్రాండ్‌మాస్టర్లు కుస్తీ పట్టారు.

రష్యన్ సిస్టమ్. తెల్ల తొందరపడి బంట్లు మార్చుకోడు. గుర్రాన్ని ఎఫ్3లో పెట్టి, అయిదో ఎత్తులో మంత్రిని బి3కి తెచ్చి డి5పై గురిపెడతాడు. నల్ల బంటు సి4ను కొడితే మంత్రి దాన్ని తీసుకుని నడిబోర్డులో నిలుస్తుంది, తర్వాత ఇ4. బంట్లు బలంగా నిలిచినా, అంత త్వరగా బయటికొచ్చిన మంత్రిని తరుముతూ నల్ల సమయం సంపాదించుకుంటాడు. ఎ6 ఆడి బి5కు దారి వేస్తే హంగేరియన్ పద్ధతి. శకటాన్ని జి4కి పంపి, ఎఫ్6 గుర్రాన్ని డి7కి వెనక్కి తీస్తే స్మిస్లోవ్ పద్ధతి. రెండో గుర్రాన్ని ఎ6 నుంచి తిప్పి సి5 బంటుకు దన్నుగా వాడితే ప్రిన్స్ పద్ధతి.

శకటం ముందుగా బయటికి వచ్చే దారులు. తెల్ల శకటం ఎఫ్4కో జి5కో వస్తుంది. ఎఫ్4 దారిలో నల్ల ధైర్యం చేసి రాజును కోటలో పెట్టేసి, సి7 బంటును తినమని ఎరవేయవచ్చు. దీన్ని గ్రున్‌ఫెల్డ్ గ్యాంబిట్ అంటారు.

మూడో ఎత్తుగా ఎఫ్3. సి3కి గుర్రాన్ని తేకుండా ఎఫ్ బంటును ఒక గడి జరిపితే ఇ4కు ముందే దన్ను దొరుకుతుంది. డి5లోకి వచ్చిన నల్ల గుర్రానికి సి3లో కొట్టడానికి ఏమీ ఉండదు కనుక అది బి6కి తప్పుకోవాల్సిందే. తెల్ల రాజు మంత్రి వైపు, నల్ల రాజు తన వైపు కోటలు కట్టుకుని ఒకరి మీదికి ఒకరు బంట్లు తోలడం ఇక్కడ మామూలు. 2012 మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బోరిస్ గెల్ఫండ్ గ్రున్‌ఫెల్డ్‌ను అడ్డుకోవడానికి విశ్వనాథన్ ఆనంద్ మూడో ఆటలో ఈ దారే పట్టాడు. ఆట డ్రా అయింది.

దగ్గరగా ఒక ఆట: న్యూయార్క్, 1956

గ్రున్‌ఫెల్డ్ ఎలా కాటేస్తుందో తెలియాలంటే 1956 అక్టోబరు 17న డొనాల్డ్ బర్న్‌పై పదమూడేళ్ల బాబీ ఫిషర్ నల్లపావులతో ఆడిన ఆటను చూడాలి. ఎత్తుల వరుస వేరుగా మొదలైనా ఆట చివరికి గ్రున్‌ఫెల్డ్‌లోనే చేరింది. బర్న్ మంత్రిని బి3కి, అక్కణ్నుంచి సి4కి, ఆపైన సి5కి నడిపించాడు. నడిబోర్డులో డి4, ఇ4 బంట్లు ఠీవిగా నిలబడ్డాయి. కానీ తెల్ల రాజు ఇంకా ఇ1లోనే ఉన్నాడు, ఎఫ్1 శకటం కదల్లేదు. పదకొండో ఎత్తులో బర్న్ అప్పటికే బయటికొచ్చిన శకటాన్నే మళ్లీ జి5కి జరిపాడు.

ఫిషర్ బి6 గుర్రాన్ని బోర్డు అంచున ఎ4లో పెట్టాడు. ఆ గుర్రాన్ని తెల్ల గుర్రం కొట్టేయవచ్చు. కానీ కొడితే ఎఫ్6లోని రెండో నల్ల గుర్రం ఇ4 బంటును తీసుకుని, సి5 మంత్రినీ జి5 శకటాన్నీ ఒకేసారి పట్టేస్తుంది. బర్న్ కొట్టలేదు, మంత్రిని ఎ3కి తప్పించాడు. రెండు ఎత్తుల్లో సి3 గుర్రమూ ఇ4 బంటూ పోయాయి. నడిబోర్డు కూలిపోయింది, మధ్యలో రాజు ఒంటరిగా మిగిలాడు.

పదిహేడో ఎత్తు దగ్గర ఫిషర్ మంత్రి బి6లో తెల్ల శకటం దెబ్బకు దొరికే చోట ఉంది. అతను దాన్ని కదిలించలేదు. శకటాన్ని ఇ6లో పెట్టాడు. ఆ శకటాన్ని తెల్ల శకటం కొడితే నల్ల మంత్రి, గుర్రం వరుస చెక్‌లతో రాజును మూలకు నెట్టి, చివరికి మంత్రిని ఎఫ్1లో బలిచ్చి గుర్రంతో ఆట కట్టిస్తాయి. బర్న్ మంత్రినే తీసుకున్నాడు. ప్రతిగా ఫిషర్ గుర్రంతో చెక్ మీద చెక్ ఇస్తూ ఒక ఏనుగు, రెండు శకటాలు, ఒక బంటు రాబట్టుకున్నాడు. నలభై ఒకటో ఎత్తులో ఏనుగుతో ఆట కట్టించాడు. చదరంగ రచయిత హాన్స్ క్మోక్ దీనికి ‘గేమ్ ఆఫ్ ది సెంచురీ’ అని పేరు పెట్టాడు. గ్రున్‌ఫెల్డ్ సూత్రమంతా ఇందులో ఉంది: నడిబోర్డు బంట్లను కాపాడే పనిలో తెల్ల రాజు భద్రతకు సమయం మిగలకపోతే, ఆ బంట్లే అతనికి భారమవుతాయి.

ప్రపంచ పోటీల్లో గెలుపోటములు

1962 వర్నా ఒలింపియాడ్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ బోత్వినిక్, ఫిషర్‌పై రష్యన్ సిస్టమ్ ఆడాడు. స్మిస్లోవ్‌తో జరిగిన పోటీ కోసం ఇంట్లో సిద్ధం చేసుకున్న వరుస అది. పదిహేడో ఎత్తులో ఫిషర్ మంత్రితో ఎఫ్4లోని బంటును కొట్టాడు. చాంపియన్ తయారీలో లేని ఆ ఎత్తును కుర్రవాడు బోర్డు దగ్గర కూర్చునే కనిపెట్టాడు. బోత్వినిక్ చిక్కుల్లో పడి, చివరికి డ్రాతో బయటపడ్డాడు.

1987 సెవిల్ పోటీలో అనటోలీ కార్పోవ్ కొత్త ఆయుధం తెచ్చాడు. ఎక్స్ఛేంజ్‌లో పన్నెండో ఎత్తుగా శకటాన్ని ఎఫ్7 బంటు మీదికి పంపి, ఏనుగు దాన్ని కొట్టాక ఎఫ్3 బంటుతో జి4లోని శకటాన్ని తీసుకున్నాడు. లెక్క తేలాక తెల్లకు ఒక బంటు లాభం. కానీ ఆ బంటు జి వరుసలో ఒకదాని వెనక ఒకటిగా ఇరుక్కున్న జంటలోది, అంతగా పనికొచ్చేది కాదు. దీనితో కార్పోవ్ అయిదో ఆట గెలిచాడు. పదకొండో ఆటలో కార్పోవ్ ఏనుగుతో చేసిన తప్పును కాస్పరోవ్ గుర్రంతో పట్టేసి బదులు తీర్చుకున్నాడు. పోటీ 12–12తో ముగిసి, టైటిల్ కాస్పరోవ్ దగ్గరే నిలిచింది. ఈ దారికి సెవిల్ వేరియేషన్ అనే పేరు స్థిరపడింది.

పదమూడేళ్ల తర్వాత ఇదే డిఫెన్స్ కాస్పరోవ్‌కు ఎదురు తిరిగింది. 2000లో లండన్‌లో రెండో ఆటలో వ్లదిమిర్ క్రామ్నిక్ ఎక్స్ఛేంజ్ వేరియేషన్‌తో అతన్ని ఓడించాడు. ఆ పోటీలోనే కాస్పరోవ్ టైటిల్ పోయింది.

ఆనంద్‌కూ చేదు అనుభవం ఉంది. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల విమానాలు ఆగిపోవడంతో రోడ్డు మార్గాన సోఫియా చేరుకుని, తొలి ఆటలో వెసెలిన్ తొపలోవ్‌పై గ్రున్‌ఫెల్డ్ ఆడాడు. తయారీలో ఉన్న వరుస తారుమారై, ఇరవై మూడో ఎత్తులో రాజును ఎఫ్7కి జరిపాడు. తొపలోవ్ గుర్రాన్ని ఎఫ్6లో బలివ్వడంతో ముప్ఫై ఎత్తుల్లో ఆట ముగిసింది. అయినా ఆ పోటీని ఆనంద్ 6.5–5.5 తేడాతో గెలిచాడు. 2014లో సోచిలో తొలి ఆటలో మాగ్నస్ కార్ల్‌సన్ గ్రున్‌ఫెల్డ్ ఎంచుకున్నప్పుడు ఆనంద్ బోర్డుకు అవతలివైపు తెల్లపావులతో కూర్చున్నాడు. అయిదో ఎత్తుగా శకటాన్ని డి2లో పెట్టి, నల్ల గుర్రం సి3లో కొడితే శకటంతోనే తిరిగి తీసుకునేలా చూసుకున్నాడు. అది డ్రా అయింది.

తెలుగు ఆటగాళ్లు, సింగపూర్ ఆట

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ మీదుగా దక్షిణానికి వెళితే గుడివాడ. 1987లో కోనేరు హంపి పుట్టిన ఊరు అదే. తండ్రి, తొలి గురువు కోనేరు అశోక్. 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించి, మహిళల్లో అప్పటిదాకా జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును ఆమె దాటింది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. తెల్లపావులతో హంపి ఎక్కువగా నమ్ముకున్నది మంత్రి బంటునే. అందువల్ల ఇండియన్ డిఫెన్స్‌లను అవతలివైపు నుంచి ఎదుర్కోవడం ఆమెకు కెరీర్ అంతా ఉన్న పనే.

కృష్ణకు అవతలి గట్టున గుంటూరు నుంచి పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచాడు. 2016లో ప్రపంచ తొలి పదిమందిలో చోటు సంపాదించాడు. ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకుంది. వరంగల్‌కు చెందిన ఇరిగేశి అర్జున్ 2024లో ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ అందుకున్న రెండో భారతీయుడయ్యాడు. ఆ ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిచినప్పుడు హరికృష్ణ, అర్జున్, హారిక, గుకేశ్ నలుగురూ జట్లలో ఉన్నారు.

చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయిన ఆటకు ఈ ప్రారంభంతో సంబంధం ఉంది. చివరిదైన పద్నాలుగో ఆటలో తెల్లపావులు పట్టిన డింగ్ లిరెన్ గుర్రాన్ని ఎఫ్3లో, శకటాన్ని జి2లో పెట్టి, డి4, సి4 ఎత్తులతో రంగులు తిరగేసిన గ్రున్‌ఫెల్డ్ ఆడాడు. మామూలుగా నల్ల చేసే పనిని ఒక ఎత్తు ఎక్కువ ఉన్న తెల్ల చేసినట్టు. గుకేశ్ నల్లపావులతో డి4లో బంటు నిలిపి నడిబోర్డు తన చేతిలో ఉంచుకున్నాడు. మంత్రులు పోయి ఏనుగులు, శకటాలు, బంట్లు మిగిలిన డ్రా లాంటి స్థితిలో డింగ్ యాభై అయిదో ఎత్తుగా ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. గుకేశ్ ఏనుగులను మార్చేసుకుని, శకటాన్ని డి5కి తెచ్చి వాటినీ మార్చేసుకున్నాడు. మిగిలిన బంట్ల ఆటలో గెలుపు ఖాయం. యాభై ఎనిమిదో ఎత్తుకు డింగ్ చేతులెత్తేశాడు, స్కోరు 7.5–6.5. ఆ పోటీకి గుకేశ్ సహాయక బృందంలో హరికృష్ణ కూడా ఉన్నాడు.

నేర్చుకునేవారికి

గ్రున్‌ఫెల్డ్‌ను కేవలం బట్టీ పట్టి ఆడితే ఎలా ఉంటుందో సోఫియా ఆట చూపింది. మరి ఎత్తుల వరుసలు అసలే తెలియకుండా ఆడినా రష్యన్ సిస్టమ్‌లోనో ఏనుగు బి1 దారిలోనో ఇరవై ఎత్తుల్లోపే చిక్కుకోక తప్పదు. రెండింటికీ మధ్య అందరూ ముందుగా పట్టుకోవాల్సింది బంట్ల ఆకారం.

సి వరుసలో బంట్లు మార్చుకున్నాక తెల్లకు మంత్రి వైపు ఎ బంటు ఒక్కటే మిగులుతుంది, నల్లకు ఎ, బి రెండూ ఉంటాయి. పావులు తరిగేకొద్దీ ఈ రెండు బంట్ల ఆధిక్యం పెరుగుతుంది. అందుకే మంత్రుల మార్పిడికి నల్ల సాధారణంగా భయపడక్కర్లేదు. అదే సమయంలో తెల్ల డి బంటు అడ్డులేని బంటుగా మారే ప్రమాదం ఉంది. దాన్ని డి6 లేదా డి7లో గుర్రంతోనో ఏనుగుతోనో అడ్డుకోవడం వచ్చి ఉండాలి. జి7 శకటాన్ని తేలిగ్గా మార్చుకోకూడదు. అది పోతే నల్ల రాజు చుట్టూ నల్లగడులన్నీ బోసిపోతాయి. సి5 ఎత్తును వాయిదా వేయాల్సి వస్తే అందుకు గట్టి కారణం ఉండాలి.

చదవాల్సిన ఆటలకు కొదవ లేదు. పాత తరంలో స్మిస్లోవ్, ఫిషర్, కాస్పరోవ్. ఇటీవలి తరంలో ఎనిమిదిసార్లు రష్యా చాంపియన్ అయిన పీటర్ స్విడ్లర్, ఫ్రాన్స్ ఆటగాడు మాక్సిమ్ వాషియే లగ్రావ్ దీన్ని ఏళ్లతరబడి ప్రధాన ఆయుధంగా వాడారు. వీరి ఆటల్లో ఓడినవాటిని కూడా చూడాలి. డి బంటు డి6 దాకా చేరిన ఆటలు, బి1 ఏనుగు బి7ను కొట్టిన ఆటలు, ఎఫ్3 తర్వాత రాజు వైపు బంట్లు దండెత్తిన ఆటలు నల్ల ఎక్కడ ఆలస్యం చేశాడో ఎత్తు సంఖ్యతో సహా చూపిస్తాయి.